తాళాలాయన ఇంట్లో పుస్తకాల బీరువా

తలుపు మూసుకుపోయి తాళంచెవి లోపల ఉండిపోయినవాళ్ళకి ఆ పేటలో దేవుడి తర్వాత గుర్తొచ్చే మనిషి తాళాలాయన. ఒక్కోసారి దేవుడికంటే ముందే గుర్తొచ్చేవాడు, ఎందుకంటే ఈయనకి ఫోనుంది.

అందరినీ వాళ్ళ వాళ్ళ ఇళ్ళలోకి పంపే ఆ మహానుభావుడు మాత్రం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒక మేడమెట్ల కింద ఒదిగి కూర్చునేవాడు. అది దుకాణమని బోర్డు చెప్పేది గాని, చూసినవాళ్ళు నమ్మడానికి కొంచెం తటపటాయించేవారు. కూర్చుంటే మోకాళ్ళు బల్లకి, లేస్తే తల మెట్టుకి. పైనుంచి ఎవరైనా దిగితే నెత్తిన దుమ్ము. వాళ్ళ నాన్న కూడా అక్కడే కూర్చున్నాడు. చిన్నప్పుడు ఒక సెలవురోజున, "కాసేపు కూర్చోరా, టీ తాగొస్తా" అని కొడుకుని కూర్చోబెట్టి వెళ్ళిన పెద్దాయన టీ తాగి తిరిగొచ్చాడు గాని, కొడుకు మళ్ళీ లేవలేదు. వంశపారంపర్యంగా సంక్రమించిన ఆస్తిలో ఇనుము అరగదీసే ఆకురాళ్ళూ, పట్టకారులూ పోగా, మెట్టు తగిలి కట్టిన బొప్పి కూడా ఒకటి.

ఆ బొప్పి తన కూతురికి రాకూడదని తాళాలాయన ఒట్టు పెట్టుకున్నాడు.

కూతురికి పదకొండేళ్ళు. సన్నగా, వంగకుండా ఉంటుందని ఇంట్లో 'చువ్వ' అని పిలిచేవారు. పుస్తకాలు చదివినవాళ్ళెవరూ మెట్ల కింద కూర్చోరని తాళాలాయన నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారమేమిటని అడిగితే చెప్పలేడు, తను ఒక్క పుస్తకమూ చదవలేదు గనక. అయినా పాత పుస్తకాల అంగట్లో ఏరి, ఒక చెక్క బీరువా నిండా కొనిపెట్టాడు. చువ్వకి చదవడం రాక కాదు. తాళంకప్ప మీద చీమంత అక్షరాల్లో ఉన్న కంపెనీ పేరు దూరంనుంచే చదివేది. పుస్తకం తెరిస్తే మాత్రం మొదటి పేజీకి దాహం, రెండో పేజీకి కడుపునొప్పి, మూడో పేజీకి నిద్ర.

రోజూ సాయంత్రం ఎదురుగా కూర్చోబెట్టి చదివించేవాడు. "అట్టనుంచి అట్టదాకా చదవాలి. ఒక్క ముక్క వదిలినా ఒప్పుకోను" అనేవాడు. అచ్చు వేసినవాళ్ళ చిరునామాతో సహా చదివించేవాడు. ఆ కాసేపు కూతురికి జైలు. కాపలా కాసేవాడికీ జైలే గాని, ఆ సంగతి జైళ్ళు పుట్టినప్పట్నుంచీ ఎవరూ పట్టించుకోలేదు.

ఇలా ఉండగా బళ్ళో టీచరమ్మ కబురు పెట్టింది. ఏడాది చివర పిల్లలు తమంతట తాము చదివిన ఒక పుస్తకం గురించి చెప్పాలట. చెప్పినవాళ్ళకి పై తరగతిలో ఒక సెక్షను. చెప్పలేనివాళ్ళని చేతిపనుల సెక్షనులో వేస్తారట. అక్కడ మొదటి పాఠం ఆకురాయి పట్టుకోవడం. ఆ పాఠం చువ్వకి పాలపళ్ళు ఊడకముందే వచ్చు.

తాళాలాయన అన్నం సయించక, పక్కకొట్టు జిరాక్సాయన దగ్గర గోడు వెళ్ళబోసుకున్నాడు. లోకంలోని కాగితాలన్నీ తన చేతిమీదుగా పోతాయి గనక లోకజ్ఞానమంతటికీ తన దగ్గర ఒక కాపీ ఉందని జిరాక్సాయన అభిప్రాయం.

"చదువు చదువు అంటే ఎవరు చదువుతారయ్యా? చదవొద్దను. బీరువాకి తాళం వేసెయ్. ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానని చెప్పు. వారం తిరిగేలోపు దొంగచాటుగా చదవకపోతే నా మిషను నీకు రాసిచ్చేస్తా."

"ఏది, ఆ నల్లచారలు వేసే మిషనా?"

"నీకు పిల్ల బాగుపడాలా, మిషను కావాలా?"

సలహా మంచిదే. ఏ బట్టలకొట్టాయనకో, బస్సు కండక్టరుకో చెప్పి ఉంటే ఫలించేది కూడా. చెప్పింది తాళాలాయనకి.

ఆ సాయంత్రమే బీరువాకి చిన్న తాళంకప్ప పడింది. "ఇవి పెద్దవాళ్ళ పుస్తకాలు. నువ్వు ముట్టుకోవడానికి వీల్లేదు" అని తాళాలాయన గంభీరంగా ప్రకటించాడు. చువ్వ కళ్ళు మెరిశాయి. తండ్రి గుండె పొంగింది. పైగా, బిరుసెక్కిన తాళాల్లో పోసే నల్లపొడి కొంచెం పుస్తకాల అట్టల మీద చల్లాడు. ఎవరు ముట్టుకున్నా వేలిముద్ర పడాలి.

మర్నాడు దుకాణంనుంచి వచ్చేసరికి తాళం తీసి ఉంది. ఆత్రంగా తలుపు లాగి చూశాడు. నల్లపొడి చల్లింది చల్లినట్టే ఉంది. తాళంకప్ప మాత్రం నున్నగా తుడిచి, గూట్లో పెట్టి ఉంది.

"ఎలా తీశావే?"

"జడపిన్నుతో నాన్నా. లోపల స్ప్రింగు నీరసంగా ఉంది. నూనె వేశాను."

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ వచ్చి, సొత్తు వదిలేసి, తాళం బాగుచేసి వెళ్ళింది.

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కానీ తండ్రి ఓడినచోట పనివాడు లేచాడు. తన చేతితో బిగించిన తాళం జడపిన్నుకి లొంగడమా! మరింత గట్టి తాళం తెచ్చాడు. చువ్వ బడినుంచి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా దాని ముందు కూర్చుంది. తర్వాత అంకెల తాళం తెచ్చాడు. అది చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, వేళ్ళతో తిప్పి తీసింది. ప్రతి తాళానికీ తాళాలాయన లోలోపల మురిసిపోయేవాడు, మురిసినందుకు భయపడేవాడు. పుస్తకాల మీద నల్లపొడి అలాగే ఉంది. దాని మీద మామూలు దుమ్ము కూడా చేరింది.

అంతలో బడినుంచి మళ్ళీ కబురు. స్టాఫ్‌రూము బీరువా తాళంచెవి పోతే చువ్వ క్షణంలో తీసిపెట్టిందట.

"బంగారం లాంటి చేతులండీ" అంది టీచరమ్మ ఆప్యాయంగా. "పుస్తకం సంగతి మర్చిపోండి. చేతిలో విద్య ఉంది, మీకు సొంత దుకాణం ఉంది. ఇంకెందుకు బెంగ?"

తాళాలాయన నవ్వి, దణ్ణం పెట్టి, బయటికొచ్చి, గేటు దగ్గర అలాగే నిలబడిపోయాడు. అడకత్తెరలో పోకచెక్కయినా తనంతట తాను అందులోకి దూరదు. మెట్ల కిందనుంచి పిల్లని బయటికి లాగుదామని తను వేసిన ఒక్కో తాళమూ ఆ పిల్లని ఒక్కో అంగుళం చొప్పున ఆ మెట్ల కిందికే తోసింది.

ఆ రాత్రి చువ్వ దగ్గరున్న తీగలూ, జడపిన్నులూ, వంచిన ఇనపముక్కలూ అన్నీ లాక్కుని తన పనిపెట్టెలో పడేశాడు. పుస్తకాలు ఇక సామాన్ల గదిలో పెట్టాలని, ఆదివారం దాని తలుపుకి, పిల్లకి లొంగకుండా తను ప్రత్యేకంగా చేసిన తాళం బిగించడం మొదలుపెట్టాడు. తలుపు మూస్తే చాలు, దానంతటదే పడుతుంది. తాళంచెవి దూర్చే కన్నం బయటివైపే, లోపలివైపు విప్పడానికి ఒక్క మర కూడా లేదు. ఉన్న ఒక్క తాళంచెవినీ భార్య చేతికిచ్చాడు. ఆవిడ ఆసుపత్రి లాండ్రీలో పని చేస్తుంది, ఆదివారమైనా డ్యూటీయే.

"ఇది మాత్రం పిల్ల చేతికి ఇవ్వకు."

"ఇవ్వనులెండి" అని ఆవిడ దాన్ని పర్సులో వేసుకుని బస్సెక్కింది.

పుస్తకాలన్నీ బీరువాలోంచి తీసి గది బయట దొంతరలు పేర్చాడు. పనిపెట్టెతో లోపలికి వెళ్ళి, గడియ సరిగ్గా కూర్చుంటోందో లేదో చూద్దామని తలుపు దగ్గరికి వేశాడు.

సరిగ్గానే కూర్చుంది.

ఆ గదికి కిటికీ లేదు, దీపం లేదు. తలుపు కింద గీతంత వెలుగు.

"చువ్వా!"

వెలుగుగీతలోకి రెండు పాదాల నీడ వచ్చింది. "లోపలున్నావా నాన్నా?"

"తలుపు తియ్యి."

"దేంతో తియ్యను? నా సామానంతా నీ పెట్టెలోనే ఉందిగా." కన్నంలో కన్ను పెట్టి చూసినట్టుంది. "అబ్బ, భలే చేశావు నాన్నా! సామాను ఉన్నా తీయలేనేమో."

తాళాలాయన జీవితంలో పొందిన మెచ్చుకోళ్ళలో ఇంతగా గుచ్చుకున్నది ఇంకొకటి లేదు. ఆ పేటలో తలుపు మూసుకుపోతే పిలవాల్సిన మనిషి ఒక్కడే. ఆ ఒక్కడూ లోపలున్నాడు. చువ్వ, నాన్న బయట వదిలేసిన ఫోనుతో అమ్మని పిలిచింది. ఆవిడ ముందు నవ్వి, తర్వాత మళ్ళీ నవ్వి, డ్యూటీ అయ్యాక వస్తానంది.

చీకటి అలవాటు కాలేదు. గోడలు దగ్గరికి జరుగుతున్నట్టు అనిపించింది. మెట్ల కింద ఒక జీవితం గడిపినవాడికి ఇదొక లెక్కా అనుకోవచ్చు. కానీ అక్కడ ఎదురుగా వీధి ఉంది. ఇక్కడ వీధి కూడా లేదు.

"ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండవే."

"ఏం మాట్లాడను?"

"ఏదైనా. పోనీ, ఆ పుస్తకాల్లో ఒకటి తీసి చదువు."

"చూశావా! లోపల పడ్డా బుద్ధి మారలేదు నీకు."

"బుద్ధి కాదే తల్లీ. భయమేస్తోంది."

నాన్నకి భయమేస్తుందన్న సంగతి చువ్వకి కొత్త. బయట దొంతరలోంచి అన్నిటికన్నా పలచటి పుస్తకం లాగిన చప్పుడు, నల్లపొడికి ఒక తుమ్ము, తలుపుకి వీపు ఆనించి కూర్చున్న చప్పుడు.

మొదట రైల్వేస్టేషన్లో ప్రకటనలా చదివింది. ఓడలో ఒక వంటవాడు. వాడి వంట తినలేక తోటివాళ్ళు సముద్రం మధ్య ఒక బండరాయి మీద దింపేసి వెళ్ళిపోయారు. చేతిలో గిన్నెమూత ఒక్కటే ఉంది.

"ఇక్కడ ఒక పేజీడు సముద్రం ఉంది నాన్నా. అలలు, నురగ, అవీ ఇవీ."

"వదిలెయ్. సముద్రం ఎక్కడికీ పోదు."

"వదిలెయ్యొచ్చా?" ఆ గొంతులో నమ్మలేనితనం. "అంత వంట చెడగొట్టాడంటే ఏం వండాడంటావు?"

"ఏమో. ముందుకి చదువు."

సముద్రానికి పోటు మొదలైంది. వంటవాడి పాదాలు తడిశాయి. మోకాళ్ళదాకా వచ్చింది. ప్రకటన కాస్తా మాటైంది, మాట మెల్లగా గొణుగుడైంది. నీళ్ళు నడుందాకా వచ్చిన దగ్గర గొంతు ఆగిపోయింది.

"తర్వాత?"

పేజీ తిరిగిన చప్పుడు.

"ఏమే, తర్వాతేమైంది?"

"ఉండు నాన్నా."

మరో పేజీ. మరొకటి, ఇంకా గబగబా.

తాళాలాయన చీకట్లో గోడ తడుముకుంటూ పక్కకి జరిగితే చేతికి తలుపు మడతబందులు తగిలాయి. అవి లోపలివైపే ఉన్నాయి. మరలు విప్పితే తలుపు ఊడి చేతికొస్తుంది. తాళం మనిషికి తలుపంటే తాళమే గనక ఇంతసేపూ తట్టలేదు. పెట్టెలోంచి స్క్రూడ్రైవరు తీసి మొదటి మర తిప్పాడు. అది కీచుమంది.

"నాన్నా, చప్పుడు!"

ఆ గద్దింపులో ఆవగింజంతైనా భయభక్తులు లేవు. తాళాలాయన స్క్రూడ్రైవరుని చప్పుడు కాకుండా ఒళ్ళో పెట్టుకుని, పనిపెట్టె మీద కూర్చున్నాడు. కాళ్ళు తిమ్మిరెక్కాయి. గోడలు ఎంత దగ్గరగా ఉన్నాయో అంత దగ్గరగానే ఉన్నాయి. భయం కూడా ఎక్కడికీ పోలేదు, పక్కనే కూర్చుంది. చెవులు మాత్రం పేజీల మీదే ఉన్నాయి.

వీధి తలుపు తెరుచుకుంది. చెప్పులు విడిచిన చప్పుడు. "ఏమే, అలా కూర్చున్నావు? లే, తలుపు తియ్యనీ."

"అబ్బా, ఉండమ్మా! అయిపోవచ్చింది."

కన్నంలో తాళంచెవి దూరింది. దానివెనకే ఆవిడ గుసగుస: "ఏవండీ, బతికే ఉన్నారా? తియ్యనా?"

"ఇప్పుడే వద్దు" అన్నాడు తాళాలాయన, అంతకంటే నెమ్మదిగా.

తాళంచెవి మళ్ళీ బయటికి వచ్చింది. ఆవిడ అడుగులు వంటగది వైపు వెళ్ళాయి. లోపలి మనిషి మోకాళ్ళు దగ్గరికి ముడుచుకున్నాడు. నడుంలోతు నీళ్ళలో ఆయన్నీ, ఆ వంటవాడినీ వదిలేసి కూతురు ఒక్కతే ముందుకి వెళ్ళిపోయింది.