వేలి రక్తం, నరం రక్తం

పై వాటాలో కోస్తా నుంచి వచ్చిన ఆవిడంటే నాకు మొదటి నుంచీ పడదు. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. ఆవిడ పలకరించినా నాకు వెటకారంగానే వినపడేది. అలాంటి మనిషిని షుగర్ చూసే మిషన్ పట్టుకురమ్మని అడగాల్సి వచ్చింది. నాన్నకు లాగే ఆవిడకూ షుగరే. ఆ రోజు బంద్, దిల్‌సుఖ్‌నగర్‌లో మేం ఎప్పుడూ వెళ్లే ల్యాబ్ మూసేశారు.

నాన్న కొత్తపేట పండ్ల మార్కెట్లో బత్తాయిలు ఏరే పని చేసేవాడు. లారీలు కదలక కాయలు మురిగిపోతుంటే, పొద్దున్నుంచీ కుళ్లినవి తీసి పారేసి అప్పుడే ఇల్లు చేరాడు. ఆవిడ ఆయన వేలికి సూది గుచ్చింది. మిషన్ మూడు వందల ఎనభై చూపించింది. నాలుగు రోజుల కింద ల్యాబ్‌లో నరం నుంచి తీసిన రక్తంలో నూట యాభై కూడా లేదు.

"నరం రక్తానికీ వేలి రక్తానికీ కాస్త తేడా ఉంటుందమ్మా. మరీ ఇంత ఉండదు. నాన్నగారిని చేతులు కడుక్కుని రమ్మను, మళ్లీ చూద్దాం," అంది.

నాకు ఒళ్లు మండిపోయింది.

"అంటే మా చేతులు గలీజున్నయా? కూలి చేసెటోళ్లంటే మీకు గట్లనే కనపడ్తరా?"

"నేనన్నది అది కాదమ్మా..."

"ఏమన్నరో మాకు తెల్వదా. ఇగ చాలు ఆంటీ, మీరు పోండ్రి."

డాక్టరు రాసిచ్చిన చీటీలో ఆ అంకెకు ఎన్ని యూనిట్లుంటే అన్ని యూనిట్ల ఇన్సులిన్ ఇచ్చేశాను. కాసేపటికి నాన్నకు చెమటలు పట్టాయి, మాట తడబడింది, గోడకు ఒరిగిపోయాడు. నా కేక విని ఆవిడే మిషన్ పట్టుకుని పరుగున దిగివచ్చింది. ఆయన వేలు సబ్బుతో కడిగి, తుడిచి, గుచ్చింది. నలభై ఎనిమిది. చక్కెర నీళ్లు కలిపి కొంచెం కొంచెంగా తాగించింది. వేలికి అంటుకుని ఎండిపోయిన బత్తాయి రసాన్ని కూడా మొదటిసారి మిషన్ రక్తంలోని షుగరుగానే చూపించిందని నాకు అప్పుడు అర్థమైంది.

నాన్న తేరుకుని, "ఏమైంది బిడ్డా?" అన్నాడు.

"గీ ఆంటీ మిషన్ తప్పు చూపిచ్చింది నాయినా," అన్నాను.

గ్లాసు పట్టుకుని ఆవిడ అక్కడే ఉంది. నా ముఖంలోకి చూసింది. నాన్న ఆవిడతో, "మీ మిషన్ ఇంకోసారి మా ఇంటికి తేకున్రి," అన్నాడు. ఆవిడ గ్లాసు కింద పెట్టి, మిషన్ తీసుకుని పైకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత నాన్న బతికినన్నాళ్లూ ఆవిడ ఎదురైతే ముఖం తిప్పుకునేవాడు. పక్కనే ఉండి నేను చూస్తూ ఊరుకునేదాన్ని.