పూజలో పెట్టిన కుండ

సత్తియ్యను చూస్తే నాకు ఒళ్లు మంట. చెడ్డవాడని కాదు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకుందును. ఊరంతా మంచివాడంటోందే, అదీ నా మంట.

వాడి పెళ్లాం రామతులసి, నేను ఆత్రేయపురంలో గంగరాజు గారి పూతరేకుల పాకలో పక్కపక్కనే కూర్చుంటాం. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట, పక్కన పల్చటి బియ్యప్పిండి జావ. అందులో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి లాగితే రేకు వస్తుంది. దసరా నుంచి దీపావళి దాకా నడుం ఎత్తే తీరిక ఉండదు. రేకు మాది, పేరు గంగరాజు గారిది.

ఈసారి తులసికి ఆశ పుట్టింది. రాజమండ్రి నుంచి వచ్చిన మీనాకుమారి గారు దాని చేతిపని చూసి, "విజయదశమికి మీ ఇంట్లోనే చేసివ్వండి. బాగుంటే దీపావళికి మా అపార్ట్‌మెంట్లో అందరికీ మీచేతే చేయిస్తాను" అన్నారు. తులసి ఇంటి వెనక సొంత పొయ్యి వేసుకుంది. కొత్త కుండ తెచ్చి, పాక నుంచి వచ్చాక రోజూ కాల్చి, నూనె గుడ్డతో తుడిచి, మళ్లీ కాల్చి, నల్లగా నున్నగా తయారు చేసింది. అలా నూనె తాగిన కుండే రేకును వదులుతుంది.

"ఇది నిలబడితే ఇంక ఒకరి పాకకి వెళ్లక్కర్లేదు జ్ఞానమ్మక్కా" అనేది.

మహర్నవమి నాడు పాకకు సెలవు. తులసి పొద్దున్నే నెయ్యి, బెల్లం తేవడానికి వెళ్లింది. మేం చర్చికెళ్లేవాళ్లం, మాకు దసరా లేదు. అయినా ఆటో పూజకు రమ్మని సత్తియ్య పిలిస్తే వెళ్లాను. అప్పుడే తులసీ వచ్చింది.

దేవి పటం ముందు ఆటో తాళాలు, స్పానర్లు, వాటి మధ్య కుండ. అప్పుడే కుమ్మరింటి నుంచి వచ్చినట్టు ఎర్రగా ఉంది. పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాడు.

"ఆటో కడుగుతుంటే కనబడిందక్కా, మసి పట్టేసి ఉంది. దాని పనిముట్టు కూడా పూజలో ఉండాలి కదా! సబ్బునీళ్లు పోసి, స్టీలు పీచుతో రుద్ది రుద్ది నా చేతులు పోయాయనుకో" అన్నాడు సత్తియ్య. మొహం వెలిగిపోతోంది.

"ఓరి నీ చేతులు పడిపోను!" అన్నాను.

పండగ పూట అవేం మాటలని వాడి తల్లి కస్సుమంది. వాకిట్లో అమ్మలక్కలు బుగ్గలు నొక్కుకున్నారు. "పెళ్లాం కుండ తోమిన మగాణ్ణి ఎక్కడైనా చూశామా! అదృష్టవంతురాలివే తులసీ" అన్నారు.

దేవి ముందు పెట్టినదాన్ని తులసి ఏమని అంటుంది? హారతి అయ్యాక కుండను పొయ్యి మీద బోర్లించి మంట పెట్టింది. మొదటి రేకు కరుచుకుపోయింది. రెండోది ముక్కలైంది. నూనె రాసి మళ్లీ వేస్తే సబ్బు వాసన. సత్తియ్య వెనక నిలబడి, "మంట తక్కువైందేమో చూసుకో" అని సలహా ఇచ్చాడు. ఆ కొబ్బరాకుతోనే వాణ్ణి బాదాలనిపించింది.

కుండకు మళ్లీ నూనె తాగించాలంటే రోజులు పడుతుంది, ఇవ్వాల్సింది రేపే. నాకూ సొంత కుండ లేదాయె. ఇద్దరం గంగరాజు గారింటికి వెళ్లాం. ఆయన కోప్పడలేదు, పైగా నవ్వారు.

"పాక నీది కాదా ఏంటమ్మా! వెళ్లి చేసుకో. పెట్టెలు కూడా మనవే పట్టుకెళ్లు. ఉత్త కవర్లో పెట్టిస్తే ఏం బాగుంటుంది?"

పెట్టె వద్దంటే పొయ్యీ ఉండదని ఇద్దరికీ అర్థమైంది. తలూపాం.

మర్నాడు మీనాకుమారి గారు కారులో వచ్చారు. పెట్టె తెరిచి ఒకటి నోట్లో పెట్టుకుని "అబ్బ!" అన్నారు. తర్వాత మూత మీద అచ్చేసిన గంగరాజు గారి పేరు, ఫోన్ నంబరు చూశారు.

"ఓ, ఇవి షాపువాళ్లవేనా! అయితే దీపావళికి వాళ్లకే ఫోన్ చేసేస్తాలెండి. మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకు?"

"నేనే చేశానండి" అంది తులసి.

"అవునవును, చేసేది మీరేగా. ఈ నంబరు మీద నెయ్యి పడింది, సరిగ్గా కనబడట్లేదు. కాస్త చెప్తారా?"

నేను నోరు తెరిచేలోగా తులసి చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడ ఫోన్లో కొట్టుకునేదాకా ఆగుతూ, ఒక్కొక్క అంకే, తప్పు లేకుండా చెప్పింది.