మిట్టేమరికి పోవలసిన కారు

మా ఆయన గానుగకు కావలసిన ఇనుప సామాను తెస్తానని బెంగుళూరుకు పోయి కారుతో తిరిగివచ్చారు. అప్పుడు మాకు చింతామణిలో నూనె అంగడి ఉండేది. బెంగుళూరు దండులో, పటాలాలుండే పేటలో, కాపురమున్న దొర ఒకాయన దేశం వదిలి పోతూ అమ్మేసిన బండి అది. యుద్ధానికి ముందు పందేలలో ఉరికించడానికి చేసిన రకమట. ముక్కు పొడుగ్గా, నడుము నేలకు ఆనుకున్నట్టు ఉండేది. పైన కప్పు లేదు. సీట్లు రెండే. వాటి వెనక ఒక ట్రంకుపెట్టె పట్టేంత ఇరుకు జాగా, దాని వెనక పెట్రోలు తొట్టి, ఆ తొట్టికి అరచేయంత గుండ్రటి మూత.

ఇంత సంసారానికి రెండు సీట్ల కారేమిటని మామగారు కోప్పడ్డారు. అంగడి వీధిలో నవ్వనివాళ్ళు లేరు. మా ఆయన అత్తగారిని చేయిపట్టి తీసుకువచ్చి కారులో కూర్చోబెట్టారు. అప్పుడు నాకు సంగతి అర్థమయింది.

అంతకుముందే పెరట్లో జారిపడి అత్తగారికి తుంటి ఎముక విరిగింది. అది వంకరగా అతుక్కుంది. బస్సు మెట్టుకు కాలు లేవదు. ఎద్దులబండి ఎక్కిస్తే కుదుపులకు ఏడ్చేసేది. ఆమెకున్న ఒక్క చెల్లెలు బాగేపల్లి అవతల మిట్టేమరిలో మంచం పట్టి ఉంది. సంతకు వచ్చేవాళ్ళందరితోనూ అక్కను ఒకసారి చూడాలని చెప్పి పంపేది. అది విన్నప్పుడల్లా అత్తగారు లోపలికి పోయి ఏదో పని కల్పించుకునేది. ఈ కారైతే ఎక్కే పని లేదు. తలుపు తీసి, పీటమీద కూర్చున్నట్టు వెనక్కి కూర్చుంటే చాలు.

కారు ముందు పలకలో గడియారాలలాంటివి ఉండేవి, వాటి చుట్టూ అక్షరాలు. అప్పటికి నాకు ఏ అక్షరమూ రాదు. చదువు నాకు మనవళ్ళు పుట్టినాక వచ్చింది. అందుకని ఆ బండిని నేను చెవులతోనే తెలుసుకున్నాను.

వచ్చినరోజే దానికి పూజ చేశాం. అత్తగారు వెనక్కి పోయి ఆ గుండ్రటి మూతను చూసి, “దీనికీ మొగం ఉండాదే” అని, నిండా పసుపు పూసి నడుమ కుంకుమ పెట్టింది. ఆ తరువాత ప్రతి శుక్రవారమూ గడపకు పూసినాక, మిగిలిన పసుపు ఆ మొహానికే. తన్ను చెల్లెలి దగ్గరికి చేర్చే బండి గదా, కుంటుకుంటూ వచ్చి మరీ పూసేది.

బండి మాత్రం ఊరు దాటి కాస్త దూరం పోగానే ఊపిరాడనిదానిలా దగ్గి ఆగిపోయేది. ఆయన ఇంజను మీది మూత ఎత్తి ఏవేవో విప్పి బిగించేవారు. చాలాసేపటికి మళ్ళీ కదిలేది, మళ్ళీ కాస్త దూరం పోయి ఆగేది. కైవారం దారిలో ఎడ్లను కట్టి లాక్కొచ్చిన రోజులున్నాయి. ఒకసారి ఎడ్లనిచ్చిన రైతు, “ఏమప్పా శెట్టీ, గుర్రాన్ని మేపకుండా బయల్దేరితివా?” అన్నాడట. ఆ మాట ఆయనే ఇంట్లో చెప్పి నవ్వారు. కానీ ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

చివరికి చిక్కబళ్ళాపురం నుంచి బస్సులు బాగుచేసే ఫిట్టరును పిలిపించారు. అతను మా వాకిట్లోనే బండిని విప్పి, గొట్టాలు ఊది, అన్నీ పెట్రోలుతో కడిగి, చివరన జిడ్డుగుడ్డతో బండినంతా, ఆ పసుపు మూతతో సహా, తుడిచిపోయాడు. మరుసటిరోజు కారు కైవారం పోయి ఆగకుండా వచ్చింది. ఇంట్లో పాయసం చేశాం. కొన్ని రోజులు దగ్గర ఊళ్ళకే తిప్పి, నమ్మకం కుదిరినాక మిట్టేమరికి పోదామన్నారాయన. శుక్రవారం దాటగానే మళ్ళీ మొదటికొచ్చింది. ఫిట్టరును మళ్ళీ పిలిస్తే మళ్ళీ బాగయింది, శుక్రవారం పోగానే మళ్ళీ చెడింది. ఆ ఫిట్టరు పోతూ పోతూ ఏదో మంత్రం వేసి పోతున్నాడని అత్తగారికి అనుమానం.

అంతలో మిట్టేమరి నుంచి మనిషి వచ్చాడు. చెల్లెలు గంజి కూడా తాగడం లేదన్నాడు. అత్తగారు ఉతికిన చీర కట్టుకొని వచ్చి కారు పక్కన నిలబడింది. తోడు ఆడమనిషి లేకుంటే కుదరదు గనుక నేను సీట్ల వెనక ఇరుకులో అడ్డంగా, వీపు పెట్రోలు తొట్టికి ఆనించి కూర్చున్నాను. అంతవరకూ అక్కడ ఎవరూ కూర్చోలేదు.

చేలూరు ఇంకా రాకముందే బండి దగ్గింది, ఆగింది. చుట్టూ వేరుసెనగ చేలు తప్ప ఇల్లు లేదు. ఆయన స్టీరింగు మీద తల ఆనించి ఉండిపోయారు. అత్తగారు ఎదుటి దారినే చూస్తూ, “నాయనా, నేను నడుస్తాలే” అంది.

అప్పుడు నా వీపు వెనక తొట్టి రేకు ‘డబ్’మంది. అది నాకు బాగా తెలిసిన చప్పుడు. నూనె డబ్బాకు ఒకటే బెజ్జం కొట్టి వంచితే, కాస్త కారి ఆగిపోతుంది. గాలి దూరే దారి లేక డబ్బా రేకు లోపలికి లాక్కొని సరిగ్గా అట్లే మోగుతుంది. అందుకే రెండో మూలన ఇంకో బెజ్జం కొడతాం. మా అంగట్లో ఆయన రోజూ చేసే పని అదే.

“ఇట్ల రాండి. ఈ మూత తీయండి” అన్నాను.

“పెట్రోలు నిండా ఉండాది. దాంట్లో ఏముంది?”

“నూనె డబ్బా మాదిరి మోగింది. తీసి చూడండి.”

ఆయన వచ్చి మూత తిప్పారు. బుస్సుమని గాలి లోపలికి పోయింది, రేకు మళ్ళీ ‘డబ్’మని బయటికొచ్చింది. మూత తిరగేసి వెలుగుకు పట్టి చూశారు. నడుమ సూది దూరేంత బెజ్జం, సరిగ్గా బొట్టు కింద, ఎండిన పసుపుతో పూడిపోయి ఉంది. ఆయన నా వంక చూసి చేయి చాపారు. నా గాజుకున్న పిన్నీసు తీసి ఇచ్చాను. పొడిచి, నోటితో ఊది, బిగించారు. బండి ఒక్క తిప్పుకే అందుకుంది.

“ఏమైండె?” అంది అత్తగారు.

“నీ పసుపేనమ్మా. దానికి ముక్కు మూసి పెట్టినావు” అన్నారాయన.

అత్తగారు మొహం పక్కకు తిప్పుకుంది. బాధపడుతోందనుకున్నాను. బాగేపల్లి దాటినాక చూస్తే భుజాలు కదులుతున్నాయి, నవ్వుతోంది. “అయితే ఆ ఫిట్టరప్ప మంచోడే” అంది. ఇకనుంచి దీపాలకు పూస్తానని కూడా అంది. మాట ప్రకారం ఆ తరువాత శుక్రవారాలు ముందు దీపాల పైరేకులకే పసుపు పెట్టింది.

దారి పొడుగునా నేను ఆ చప్పుడు కోసం చెవి పెట్టుకొనే ఉన్నాను. రాలేదు. గాలి మొహానికి కొడుతుంటే కొంగు నిలవలేదు, నేనూ పట్టించుకోలేదు. మిట్టేమరిలో ఆ ఇంటి ముందుకు వచ్చినాక ఆయన తాళం తిప్పి ఇంజను ఆపారు. ఆ ప్రయాణంలో మేము ఆపితే ఆ బండి ఆగడం అదే మొదలు.

చెల్లెలు మంచంలో పడుకొనే చేయి చాపింది. “ఎంత ఆలస్యం చేస్తివక్కా” అంది.

అత్తగారు మంచం పట్టెమీద కూర్చొని, “చెప్తాలే, పెద్ద కత ఉండాది. ముందు గంజి తాగు” అంది. నేను వంటింట్లోకి పోయి గంజి వెచ్చబెట్టాను.