తప్పు నాదని చెప్పిన మేడం

మేడం పోయిందన్న మాట నాకు బీడీ కార్ఖానాలో తెలిసింది. చుట్టిన కట్టలు అప్పగించే వరుసలో నిలబడి ఉన్నాను. జగిత్యాలలో ఆడవాళ్ల సహాయ కేంద్రంలో వంట చేసే అక్క ఫోన్ చేసి, "మన మేడం పొద్దున గుండె ఆగి పోయిందే. సిరిసిల్లకు తీస్కపోతున్నరు" అంది. "అట్లనా అక్కా" అన్నాను. నా వంతు వచ్చింది, కట్టలు ఇచ్చాను, మర్నాటికి ఆకూ తంబాకూ తీసుకుని కోరుట్లలో మా ఇంటికొచ్చి అన్నం కూడా తిన్నాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న ఇవాళ్టికీ రాలేదు. చదివేవాళ్లు నన్ను రాతిగుండెది అనుకుంటే అనుకోండి.

మేడం ఆ కేంద్రంలో కౌన్సెలర్. మొగుడు కొట్టాడనో, అత్త వెళ్లగొట్టిందనో వచ్చే ఆడవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడి, పోలీసులకో కోర్టుకో దారి చూపడానికి సర్కారు పెట్టిన ఉద్యోగం. ఆమె పుట్టిల్లు సిరిసిల్లలో, సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసే ఇల్లు. ఆ మోతలో పెరిగినందుకేమో గొంతు పెద్దది. రహస్యం చెప్పినా పక్క గదికి వినపడేది.

మా ఆయన దుబాయిలో ఉంటాడు, రెండేళ్లకోసారి సెలవు మీద వస్తాడు. మా వైపు ఆడవాళ్లలో మొగుడు ఎప్పుడొస్తాడా అని చూసేవాళ్లు కొందరు, ఎప్పుడు పోతాడా అని చూసేవాళ్లు కొందరు. నేను రెండో రకం. నాలుగేళ్ల కింద ఒక సెలవులో దెబ్బలకు ఓర్చుకోలేక కేంద్రానికి పోయాను. మేడం ఆయన్ను పిలిపించింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, సెంటు కొట్టుకుని, ఇద్దరు కులపెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. "ఇగ చెయ్యెత్త మేడం, బిడ్డ మీద ఒట్టు" అని కాగితం మీద సంతకం పెట్టాడు. మేడం నన్ను పక్కకు పిలిచింది.

"ఇంక పది రోజులే గద బిడ్డా, విమానం ఎక్కుతడు. గీ పది రోజులు జర ఓపిక పట్టు. గాయన పోయినంక తీరుబాటుగ చూద్దాం."

ఆ మాట ఆమె ఒక్కతే అనలేదు. మా అమ్మ అంది, పక్కింటామె అంది, కులపెద్దలూ అన్నారు. ఇంటికో దుబాయి మొగుడున్న మా ఊళ్లలో అందరికీ తెలిసిన మందు అది. ఆరో రోజు, నేను బీడీల చాట ముందు కూర్చుని ఉండగా ఆయన నా ఎడమ మణికట్టు విరిచాడు. ఎందుకని మాత్రం అడగకండి. ఎందుకో చెబితే, అయితే సరేనంటారా?

ఆసుపత్రికి మేడం వచ్చింది. మంచం చుట్టూ అమ్మ, అన్న, ఒక పోలీసామె ఉన్నారు. అందరి ముందే, ఆ పెద్ద గొంతుతోనే అంది: "తప్పు నాది బిడ్డా. నేను ఇంటికి పొమ్మన్న, నువ్వు పోయినవ్. గాయన ఎప్పుడు పోతడో చూసిన గని, అప్పటిదాంక నువ్వు గా ఇంట్ల ఎట్లుంటవో చూడలే."

నాకప్పటికి ముప్పై ఏళ్లు. కొట్టినవాడు గానీ, వాడికిచ్చి చేసినవాళ్లు గానీ, సర్దుకుపొమ్మన్నవాళ్లు గానీ ఒక్కరు నాతో ఆ మాట అనలేదు. చెయ్యి పీకుతూనే ఉంది. అయినా ఆ రోజు నాకు కడుపు చల్లబడ్డట్టయింది.

అమ్మ ఊరుకోలేదు. "ఇంటి గుట్టు లంకకు చేటన్నరు మేడం, గిట్ల బజార్ల పెడితే ఎట్ల?" అని గొణిగింది. మేడం గిర్రున తిరిగింది. "లంక గుట్టు బయటపడి కాలలేదమ్మా. ఆడిదాన్ని ఎత్కపోయి ఏడిపిచ్చిండ్రు, అందుకు కాలింది." పోలీసామె నవ్వు ఆపుకోలేక బయటికి పోయింది.

కోర్టుకు పంపే ఫిర్యాదు నాతోనే రాయించింది. "కుడి చెయ్యి మంచిగనే ఉన్నది గద" అంది. నేను పదో తరగతి దాకా చదివాను. 'ఇంట్లో చిన్న గొడవ జరిగి చేతికి దెబ్బ తగిలింది' అని రాస్తే అడ్డంగా కొట్టేసింది. "దెబ్బ దానంతటదే వచ్చి తగిలిందా? ఎవలు కొట్టిండ్రు, దేనితోని కొట్టిండ్రు, గది రాయి." మూడుసార్లు రాశాను. మూడోసారి రాసింది చదువుకుంటే ఇదంతా నాకే జరిగిందా అనిపించింది. ఆ కాగితం మీదే కోర్టు ఉత్తర్వు వచ్చింది. నేనూ బిడ్డా ఉన్న ఇంట్లో ఆయన అడుగుపెట్టకూడదు, మా మీద చెయ్యి వేయకూడదు.

ఆ తర్వాత నెలకోసారి ఇంటికొచ్చేది. కేంద్రం జీపును చూస్తే వాడలో అందరూ కిటికీలకు చేరతారని వీధి చివరే దిగి నడిచి వచ్చేది. నా పక్కన కింద కూర్చుని, కత్తెర తీసుకుని తునికాకు కత్తిరిస్తూ మాట్లాడేది. తొంగి చూసినవాళ్లు చుట్టం వచ్చిందనుకునేవారు. కానీ ఆ కత్తిరింపు! సగం ఆకు చెత్తలోకే. "నీది నేసేటోళ్ల చెయ్యి, ఆకు నీకెందుకు మేడం" అంటే, "సర్కారు నౌకరి జేసేదాన్ని, నష్టం గాకుండ ఏ పని జేస్తనే" అని నవ్వేది.

శాంతమూర్తి మాత్రం కాదు. మేనమామ కొడుకు పెళ్లని ఒక వాయిదాకు పోకపోతే నన్ను పదిమందిలో కడిగేసింది. నాకిప్పటికీ కొంచెం కోపమే. ఏడుస్తూ వచ్చినవాళ్లతో మాత్రం, "ముందుగాల చాయ్ తాగు. ఏడ్సెటందుకు బలం గావాలె" అనేది. నా చెయ్యి విరిగాక మేడం, సెలవు మీదొచ్చిన మొగుడు ఎప్పుడు పోతాడని కేంద్రానికి వచ్చినవాళ్లలో ఎవర్నీ అడగలేదట. వంట అక్క చెప్పింది. రెండేళ్ల కింద మా ఆయన మళ్లీ వచ్చినప్పుడు, పోలీసామెతో కలిసి పొద్దంతా మా గడపలో కూర్చుంది. ఆయన తమ్ముడి ఇంట్లో దిగి అటునుంచి అటే పోయాడు.

చివరిచూపుకు నేనూ సిరిసిల్ల పోయాను. ఆమె పుట్టింటి వాడలో ఆ రోజు సాంచాలు ఆపారు. పక్క వాడలో ఆపలేదు, టకటక వినపడుతూనే ఉంది. రాయికల్ నుంచి, బుగ్గారం నుంచి ఆడవాళ్లు వచ్చారు. మేడం నీకెట్ల తెలుసని ఒకరినొకరం అడగలేదు. ఆమె భర్త "మీరెవలమ్మా?" అంటే ఏం చెప్పాలో తోచక, "కోరుట్ల సారూ" అని ఊరి పేరు చెప్పాను.

తిరిగొచ్చిన మూడో రోజు మా మరిది వచ్చాడు. "శుక్రారం అన్న వస్తుండు వదినా. నెల రోజుల సెలవే. ఇగ గా మేడం గూడ లేకపాయె. తలుపు తియ్యి, నెల ఎంతల పోతది?"

అమ్మ అక్కడే ఉంది. "గంతే గద బిడ్డా, నెల రోజులు" అంది. నాకు కోపం కూడా సరిగా రాలేదు. కాగితం ఉంది, మేడం లేదు. ఇన్నాళ్లూ ఆయన ఆగింది కాగితాన్ని చూసా, మేడాన్ని చూసా? అది తెలియకే భయమేసింది. మర్నాడు జగిత్యాల పోయి కేంద్రంలో నేనే దరఖాస్తు రాసిచ్చాను. శుక్రవారం పోలీసామెను పంపిస్తామన్నారు.

శుక్రవారం పొద్దున పోలీసామె కంటే ముందు ఆయన కారు వచ్చింది.

"తలుపు తియ్యవే. బిడ్డకు సామాన్ తెచ్చిన."

"కోర్టు కాగితం ఉన్నది. మీ తమ్ముని ఇంటికి పో" అన్నాను. తలుపు అవతలికి వినపడలేదేమో, రెండోసారి అనాల్సి వచ్చింది.

"ఏంది నీ కాగితం? గా మేడం సచ్చిపోయిందట గద!"

"పోయింది. కాగితం ఉన్నది."

తలుపు మీద రెండు గుద్దులు గుద్దాడు. బిడ్డ నా వెనక నిలబడి చీర పట్టుకుంది. తియ్యలేదు. ఇంతలో పోలీసామె బండి చప్పుడైంది, మాటలు వినపడ్డాయి, కాసేపటికి కారు పోయింది. తలుపు తీసి చూస్తే ఆయన తెచ్చిన అట్టపెట్టె మెట్టు మీదే ఉంది. తాడుతో గట్టిగా కట్టి, పైన నల్ల పెన్నుతో ఆయన పేరు రాసి ఉంది.

"లోపట ఏమున్నయే అమ్మా?" అంది బిడ్డ.

"తెల్వదు బిడ్డా."

మధ్యాహ్నానికి పెట్టె మీదికి ఎండ వచ్చింది. లోపల చాక్లెట్లు కరిగాయేమో, ఒక మూల అట్ట తడిసి నల్లబడింది. మోరీ కాలువ పక్కనుంచి చీమలు బారుగా వచ్చి, ఆయన పేరు మీదుగా ఎక్కి, ఆ మూలలోకి దిగుతున్నాయి.