తాండూరు నుంచి వచ్చిన హీటర్

కరెంటు షాక్ కొట్టినవాళ్లను మీరు చూసే ఉంటారు. తీగ ముట్టకుండా, స్విచ్ వేయకుండా, పట్టపగలు వికారాబాద్ స్టేషన్‌లో షాక్ తిన్నవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే.

పెళ్లయిన కొత్త. నీళ్లు కాచుకునే హీటర్ కాలిపోయింది. మా ఊరి చలిలో చన్నీళ్లు పోసుకుంటే మొదటి చెంబుకే ప్రాణం "పోయొస్తా" అంటుంది. ఆ గోడు తాండూరులోని మా బామ్మర్ది నరేశ్‌కు చెప్పుకున్నాను. మర్నాడే వాడి ఫోను.

"బావా, హీటర్‌ను రైలెక్కించిన. స్టేషన్ల దించుకో."

"కొత్తదేనా?"

"గా హీటర్ కొత్తదేంది బావా!" వాడు పగలబడి నవ్వాడు. "జర పైలం. ఊకెనే గరమైతది."

పరుగెత్తాను. రైలొచ్చింది, పోయింది. హీటర్ జాడ లేదు. బెంచీ మీద సంచితో ఒక పెద్దమనిషి మిగిలాడు. బుర్ర మీసాలు, నిప్పుల్లాంటి కళ్లు.

"ఏం దేవులాడుతున్నవ్?" అన్నాడు.

"తాండూరు నుంచి హీటర్ రావాలె సార్. మా బామ్మర్ది నరేశ్ పంపిండు."

"ఎట్లుంటదట?"

అక్కడితో ఆగొచ్చుగా? అడుసు తొక్కనేల, కడుక్కోవడానికి వేడినీళ్లు వెతకనేల!

"పాత డొక్కు సార్. ఊకె గరమైతదట. నాలుగొద్దులు వాడి, పాత సామాన్లోనికి ఏస్త."

పెద్దమనిషి మెల్లగా లేచాడు.

"నేను నరేశ్ పెదనాయినను. తాండూరు నుంచి వచ్చిన సామాను నేనే."

నా గుండె ఫ్యూజు ఎగిరిపోయింది! పెళ్లిపత్రికలో తన పేరు కింద వేశారని అలిగి మా పెళ్లికే రాని పెదమామ! ఆయన కోపానికి ఇంటిల్లిపాదీ చాటుగా పెట్టుకున్న పేరు హీటరట. ఆ సంగతి తెలియనివాళ్లు ఇద్దరే: నేనూ, ఆయనా.

ఆయన్ను బండి వెనక ఎక్కించుకుని ఇంటికి బయల్దేరాను. ఆ నిప్పుల చూపులకు దారంతా నా వీపు చురచుర కాలింది. "పెదనాయినా!" అంటూ మా ఆవిడ సంబరంగా నీళ్లిచ్చింది. తాగలేదు. నా ఫోను అడిగి, నరేశ్‌కు కలిపించి, స్పీకర్ పెట్టమన్నాడు.

"బావా! హీటర్ దిగిందా?" అన్నాడు నరేశ్ హుషారుగా.

"దిగిన, నరేశ్. గిప్పుడిప్పుడే గరమైతున్న."

మా ఆవిడ చేతిలో చెంబు జారింది. నేను గోడకు అతుక్కున్నాను. అంతలో ఆ మీసాలు అదిరాయి. పెదమామ పొట్ట పట్టుకుని, కళ్ల నీళ్లు కారేలా నవ్వాడు. పెళ్లినాటి అలక ఆ నవ్వులోనే కొట్టుకుపోయింది.

అయినా ఆ క్షణమే ఒట్టు వేసుకున్నాను: ఎవరు ఏం పంపుతున్నామన్నా సరే, అది కరెంటు తింటుందో అన్నం తింటుందో తేల్చుకోందే, ఈ జన్మలో స్టేషన్ మెట్లెక్కను!