బోయిగూడలో చేయించిన కవ్వం

ఒక్క కవ్వం కోసం మూడు రోజులు ప్రయాణం చేసి, ఏడు బజార్లు గాలించి, చివరికి చేసేవాణ్ణి పట్టుకుని దగ్గరుండి చేయించుకొచ్చినవాణ్ణి జంటనగరాల్లో నేనొక్కణ్ణే. మీకూ కావాలంటే దారి చెబుతాను, వెళ్ళిరండి.

నేను వెళ్ళింది మా ఆవిడ కుడిచెయ్యి కోసం. ఎనిమిది నెలల కిందట పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది, కాలు కొంత కుదుటపడింది. చెయ్యి మాత్రం ఒళ్ళో పెడితే ఒళ్ళోనే ఉంటుంది. వ్యాయామం చేయించడానికొచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి మొన్న నన్ను గుమ్మం దగ్గర ఆపి, శుక్రవారం దాకా చూస్తానని, ఆ చెయ్యి తనంతట తాను కాస్తయినా కదలకపోతే ఇక తను రావడం దండగని చెప్పింది. అరచేతుల మధ్య ఏదైనా పెట్టి దొర్లించమంది. పెన్సిలు జారిపోయింది. అప్పడాల కర్ర బరువైంది. నలభయ్యేళ్ళు ఆవిడ అరచేతుల మధ్య తిరిగింది కవ్వమే కదా అని నాకు తట్టింది. కానీ మిక్సీ కొన్న ఏడాదే మా చెక్క కవ్వం ఎటో పోయింది.

శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి అల్వాల్‌లో సికింద్రాబాద్ బస్సెక్కాను. బస్సు నిండా ఆడవాళ్ళే, వాళ్ళకు టికెట్టు ఉచితం. నేను జేబులో చెయ్యి పెట్టి చిల్లర వెతుక్కుంటుంటే, ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చున్నావిడ, "బస్సు మీ పైసలతోనే నడుస్తున్నది తాతా, మంచిగ కూసో" అంది.

పదింటికి మోండా మార్కెట్ చేరాను. గిన్నెల దుకాణంలో ఒక్కొక్కటే తీసి గల్లా మీద పరిచారు. స్ప్రింగులా చుట్టిన స్టీలుది, గుడ్లు గిలక్కొట్టే తీగల బుడ్డ, పైనుంచి నొక్కితే తనే తిరిగేది, కాఫీ నురగ కోసం బ్యాటరీది. చెక్కది లేదా అంటే, వార్నిషు పూసిన బొమ్మలాంటిది దించి, షోకేసులో పెట్టుకోమన్నాడు. మా అమ్మ నిలువెత్తు కవ్వాన్ని స్తంభానికి కట్టి, తాడు రెండు కొసలూ పట్టుకుని లాగుతూ చిలికేది. మా ఆవిడ కాపురానికొచ్చేసరికి అది మూరెడు చేతికవ్వం అయింది. ఆ తర్వాత మిక్సీ బొత్తాం. ఇన్నేళ్ళూ చేతికి పని తగ్గించుకుంటూ వచ్చాం, ఇప్పుడు నేను బజారున పడి చేతికి పని చెప్పే వస్తువుని వెతుకుతున్నాను. దుకాణదారు నా మొహం చూసి, "బోయిగూడల కట్టె డిపోల దిక్కు పోండి సార్. మిషన్ మీద కట్టె తిప్పెటాయన ఒకాయన ఉండాలె" అన్నాడు.

పదకొండున్నరకు ఆయన దొరికాడు. అరవై దాటిన మనిషి, మంచం కోళ్ళు తిప్పుతున్నాడు. కవ్వాలు బంద్ చేసి శానా ఏండ్లాయె, పొమ్మన్నాడు. చెయ్యి సంగతి చెప్పాను. మిషన్ ఆపాడు.

"ఏ చెయ్యి?"

"కుడి."

"ముడుస్తదా?"

ముడవదన్నాను. నా అరచేతిని తీసుకుని వేళ్ళతో కొలిచాడు, ఆమెది ఇంతకంటే చిన్నదా అని అడిగాడు. కర్ర మామూలు కంటే లావుగా తిప్పి, జారకుండా సన్నటి గాట్లు పెట్టాడు. కింద గుండును రంపంతో ఎనిమిది రెక్కలుగా కోశాడు. నయమైతదా అని అడిగితే, మూడు నెలల్లో లేచి వంట చేస్తుందని డాక్టర్లు చెప్పారన్నాను. ఆయన ఏమనుకున్నాడో గానీ, "ఉప్పుకాగితంతోని జెర రుద్దుతా, ఆమెకు గుచ్చుకోవద్దు" అని మళ్ళీ వంగాడు.

ఏ డాక్టరూ ఆ మాట అనలేదు. ఎలాగూ నోరు విప్పాను కనుక మిగతాదీ ఒప్పుకుంటాను. మూడు రోజులు కాదు, ఒక్క పూట. ఏడు బజార్లూ లేవు, ఒక దుకాణం, ఒక సందు. అంత తిరిగినవాడికి ఏదో ఒకటి దక్కకపోతుందా అని, పెంచి చెప్పుకున్నాను.

స్టేషన్ దగ్గర నిలబడి రెండు ఇడ్లీలు తిని, ఒకటిన్నరకు తిరుగు బస్సెక్కాను. సంచీలోంచి కవ్వం తల బయటికొచ్చింది. కండక్టరమ్మ చూసి, వాళ్ళమ్మ దగ్గర ఇట్లాంటిదే ఉండేదని, గిప్పుడెవరు చిలుకుతున్నరని అంది. కార్ఖానా దగ్గర ట్రాఫిక్ ఆగిపోతే బస్సంతా విసుక్కుంది, నేను మాత్రం ఆగితే ఆగనీ అనుకున్నాను. ఇల్లు చేరేదాకా అది పనికొస్తుందో రాదో ఎవరికీ తెలియదు. ఈ ప్రయాణం మొత్తంలో నేను సుఖపడ్డది ఆ ఇరవై నిమిషాలే.

మూడింటికి గిన్నెలో పెరుగు పోసి, ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా పీట వేసుకుని కవ్వం ఆవిడ చేతుల మధ్య పెట్టాను. కవ్వం తిరిగింది. కాస్త నురగ కూడా వచ్చింది.

నాలుగింటికి ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి చెప్పులైనా విడవకముందే, రెండు చుట్లు తిరిగిందని చెప్పాను. నోరు ఊరుకోక ఆరన్నాను. ఆ పిల్ల మొహం విప్పారింది. గబగబా సంచీలోంచి పుస్తకం తీసి, కలం మూత తీసింది.

"రాసుకోకమ్మా" అంది మా ఆవిడ. "నా చెయ్యి కదల్లేదు. పట్టుకుని ఆయనే తిప్పారు."