బంగారుతీగ రెండో పక్క

మా చిన్నప్పుడు... ఇలినాయ్‌లోని అరోరాలో, మా అపార్ట్‌మెంట్ వెనక వీధిలో రాన్ అంకుల్ షాపు ఉండేది. దాని అద్దాల కిటికీలోంచి ఒక జింక తల ఎప్పుడూ రోడ్డు వైపే చూస్తుండేది. మా స్కూల్ బస్సు అక్కడే ఆగేది. నాకు రోజూ పొద్దున్నే ముందు గుడ్ మార్నింగ్ చెప్పేది ఆ జింకే అనుకునేదాన్ని...

వేటకెళ్లినవాళ్లు జింకల్నీ బాతుల్నీ, గాలం వేసేవాళ్లు తమకి దొరికిన పెద్ద చేపల్నీ ఆయనకి తెచ్చిచ్చేవాళ్లు. ఆయన తోలు ఒలిచి, మందు పొడి పట్టించి, ఫోమ్‌తో చేసిన బొమ్మకి తొడిగి, గాజుకళ్లు పెట్టి, అచ్చం బతికున్నట్టే చేసిచ్చేవాడు. ట్యాక్సిడర్మీ అంటారు దాన్ని. మా అమ్మ మాత్రం "చచ్చిన జంతువుల కొట్టు" అనేది. అటువైపు తల తిప్పేది కాదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మ వాళ్ల నాన్న, మా తాతయ్య, ఏలూరు నుంచి ఆరు నెలలు ఉండడానికి వచ్చాడు. ఇంగ్లీష్ రాదు. టీవీ చూడడు. వచ్చిన మూడో రోజే వాకింగ్‌కని బయల్దేరి ఆ షాపులో తేలాడు. నేను వెతుక్కుంటూ వెళ్లేసరికి చేతులు వెనక్కి కట్టుకుని ఒక నక్కని పరీక్షగా చూస్తున్నాడు.

"ఇదేం వింత కాదమ్మడూ... మా ఊళ్లో దూడ చచ్చిపోతే దాని తోలులో గడ్డి కూరి గేదె ముందు నిలబెట్టేవాళ్లం. లేకపోతే పాలివ్వదు. ఆయనకి చెప్పు."

నాకొచ్చినట్టు చెప్పాను. రాన్ అంకుల్ లోపలికెళ్లి ఒక స్టూల్ తెచ్చి వేశాడు. ఆరు నెలలూ అది తాతయ్య స్టూలే. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, అయినా పొద్దంతా కబుర్లే!

తాతయ్య తిరిగి వెళ్లే వారం, ఆదివారం నాడు, ఫాక్స్ నదికి వెళ్లాం. చేపలు పట్టడానికి చిన్నపిల్లలకి లైసెన్స్ అక్కర్లేదు కాబట్టి గాలం నా చేతిలో, అజమాయిషీ తాతయ్యది. ఎర మటుకు అమ్మ దగ్గర అడిగి తెచ్చిన చపాతీ పిండి. గంటన్నర తర్వాత నా చేతులు ఊడిపోతాయేమో అనిపించేంత లాగింది...

"బంగారుతీగే! వదలకు!" అని తాతయ్య అరిచిన అరుపుకి అవతలి గట్టు మీదవాళ్లు కూడా లేచి నిలబడ్డారు. అది అక్కడివాళ్లు కార్ప్ అని పిలిచి, పట్టినా పారేసే చేప. మాకదేం పట్టలేదు. దాన్ని రాన్ అంకుల్ చేత చేయించి గోడకి పెట్టుకోవాలని నేను అక్కడే తీర్మానించేశాను. తాతయ్య వెళ్లిపోయినా ఆ రోజు మాత్రం నా దగ్గరే ఉండాలి.

సోమవారం షాపు సెలవు. కడగకుండా తడి టవల్‌లో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టాలని రాన్ అంకుల్ దగ్గర ఎన్నోసార్లు విన్నాను. అలాగే పెట్టించి స్కూల్‌కి వెళ్లాను.

సాయంత్రం వచ్చేసరికి బాల్కనీలో పేపర్ పరిచి ఉంది. దాని మీద నా చేప. తాతయ్య ఒక పక్క పొలుసంతా చాకుతో గీకేసి, ఉప్పూ పసుపూ దట్టంగా పట్టించి, రెండో పక్కకి తిప్పబోతున్నాడు.

"పెద్దమనిషికి ఇస్తున్నాం, మురికిగా ఇస్తే ఏం బావుంటుంది? పసుపు రాస్తే పాడవదు కూడానూ..."

"నువ్వే పాడు చేసేశావ్! ఎవడు ముట్టుకోమన్నాడు నిన్ను?" అని ఏడుస్తూ లోపలికెళ్లి తలుపేసుకున్నాను.

మర్నాడు ముగ్గురం వెళ్లాం. నేను, తాతయ్య, సంచిలో చేప. రాన్ అంకుల్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు. "ఎవ్రీ ఫిష్ హాజ్ ఎ వాల్ సైడ్, హనీ." గోడకి పెట్టే చేపలో ఒక పక్కే కనిపిస్తుందట. తోలు తీయడానికి కోసేది ఎలాగూ గోడ వైపేనట. ఆ కోత తాతయ్య గీకిన పక్క పెడితే సరి! పైగా ఎండాక రంగులన్నీ పోతాయి కాబట్టి, కనిపించే పక్కకి ఆయనే కొత్తగా రంగులు వేస్తాడు.

"ఏమంటున్నాడమ్మడూ?" అని తాతయ్య అడిగాడు.

నేను చెప్పలేదు. కోపం... శుక్రవారం ఎయిర్‌పోర్ట్‌లో కూడా చెప్పలేదు. చేప పాడైపోయిందనే అనుకుంటూ విమానం ఎక్కాడు.

చేప తయారవడానికి పది నెలలు పట్టింది. అప్పుడు ఫోన్‌లో అన్నీ చెప్పి, ఫోటో పోస్ట్‌లో పంపాం. అందిన రోజే తాతయ్య ఫోన్ చేశాడు. "భలే ఉందే! నేను చేసిన పక్క ఫోటో కూడా తీసి పంపు."

"అది గోడ వైపు ఉంటుంది తాతయ్యా, తీయడం కుదరదు" అన్నాను. మేకుకి ఉన్నదాన్ని దించితే అయిపోయేది. బద్ధకం, అంతే.

"సర్లే" అన్నాడు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

రాన్ అంకుల్ షాపు ఉన్నచోట ఇప్పుడు బోబా టీ అమ్ముతున్నారు. తాతయ్య పోయి ఆరేళ్లయింది. చేప మాత్రం నాతోపాటు ఇళ్లు మారుతూ ఫ్రీమాంట్ దాకా వచ్చింది. పోయిన వారం గోడలకి పెయింట్ వేయిస్తూ దించి, మొదటిసారి వెనక్కి తిప్పాను.

పొలుసు లేదు. మధ్యలో కోత. దాని చుట్టూ పసుపు ఇంకా ఉంది... మందు పొడి తగిలి, సున్నం కలిసిన పసుపులా కొంచెం ఎర్రబడింది. తోక దగ్గర మరీ దట్టంగా పట్టించాడు.

మీ ఇళ్లలోనూ ఏళ్ల తరబడి గోడకి ఆనుకుని ఉన్నవి ఏవైనా ఉంటే ఒకసారి దించి చూడండి. వెనక ఏం కనిపించిందో కామెంట్లలో చెప్పండి.

కింద ఫోటో తాతయ్య అడిగిందే. తీయడానికి రెండు నిమిషాలు పట్టింది.